బొంత అవతలి కొస

వాగ్దేవి మేడంకి ఇంట్లో వెలుతురు చాలలేదు. బొంతలు మూడూ వీధిలోకి తెమ్మంది. వీధంటే, వందడుగుల దూరంలో అనకాపల్లి రోడ్డు. చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి హారన్లు కొట్టుకుంటూ ఉంటాయి, దుమ్ము ఇష్టమొచ్చిన చోట వాలుతుంది. సన్యాసమ్మ ముందు ప్లాస్టిక్ చాప వేసింది, దాని మీద దుప్పటి వేసింది, అప్పుడు బొంత విప్పింది. విశాఖపట్నంలో షాపున్న మనిషి చోడవరం దాకా కారేసుకుని వచ్చి ఎండలో చూస్తానంటే ఎండలోనే చూపించాలి.

చుట్టుపక్కల వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. పాత చీరలతో కుట్టిన బొంతని కారులో వచ్చి కొనుక్కుపోవడం వాళ్ళకి ఇంకా వింతగానే ఉంది.

రెండు బొంతలు నెగ్గాయి. మూడోది, పైన లేత పసుపు నూలు చీర వేసి కుట్టినది, సగం విప్పేసరికి మేడం నెత్తి మీదున్న కళ్ళజోడు కిందికి దించింది.

"ఇదేంటండీ మధ్యలో?"

సన్యాసమ్మ ఇంట్లో ఒక్కో బొంతా ఇద్దరు కుడతారు. తూర్పు కొసన ఆమె కూచుంటుంది, పడమటి కొసన తోటికోడలు దేముడమ్మ. ఎవరి కొస నుంచి వాళ్ళు కుట్టుకుంటూ వచ్చి నడుమ కలుసుకుంటారు. ఈ బొంతలో కలుసుకోలేదు. ఒక వరస తప్పితే దారం తప్పిందనుకోవచ్చు. ఇక్కడ అన్ని వరసలూ తప్పాయి. ఇటు నుంచి వచ్చిన వరస అటువైపు రెండు వరసల మధ్య ఖాళీలోకి పోయి ఆగింది. బొంత అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒక మెట్టు పడినట్టుంది.

"చెప్పాను కదండీ, ఈ మూడోదానికి అంచునే పట్టుకుని తిన్నగా రమ్మని," అంది మేడం. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

వీధంతా చూస్తోంది. సన్యాసమ్మకి చెవులు వేడెక్కాయి.

"అది దానిదమ్మా," అంది, చెయ్యి వెనక్కి చూపించి. "దానిది ఎడం సెయ్యి. ఎన్నిసార్లు సెప్పినా అలగే కుడతాది. నానేటి సేసేది?"

ఎదురింటి పరదేశి స్కూటర్ తుడుస్తూ నవ్వేడు. "పుర్ర సెయ్యి గదేటి మరి! ఎటో పోద్ది!"

దేముడమ్మ గుమ్మం పక్కన నిలబడి ఉంది. జాకెట్టుకి గుచ్చుకున్న సూది, సూదికి వేలాడుతూ పసుపు దారం. ఎడమ చేతిని మెల్లగా పమిట కిందికి తీసుకుపోయింది.

మేడం మూడో బొంతని కూడా మడిపించింది. "ఇదీ కారులో వెయ్యండి. షాపులో సామాన్లు చుట్టుకోడానికి పనికొస్తుంది," అంది.

కారు వెళ్ళాక దేముడమ్మ లోపలికి పోయి తన సూదుల డబ్బీ, కళ్ళజోడు తీసుకుంది. "ఎల్తన్నానప్పా," అంది.

"రేపు బేగి రా."

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కోడలు కీర్తి వెళ్ళి చూసొస్తే దేముడమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. రావికమతంలో కూతురు కనకదుర్గ ఇంటికి పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

"పోనీ. తనే ఎల్లింది, తనే వస్తాది," అంది సన్యాసమ్మ. అన్నదే గానీ ఆ పూట చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

సోమవారం నాడు మేడం దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కీర్తి స్పీకర్ పెట్టింది.

"సన్యాసమ్మగారూ, ఆ పసుపు బొంత ఉంది చూడండి, షాపు వెనక తలుపుకి ఎండ కొడుతోందని అడ్డంగా కట్టాను. సాయంత్రం వెలుతురు దాన్లోంచి వస్తుంటే ఆ మధ్య మెట్టు దగ్గర అలలాగా విరుగుతోంది. అలాగే నిలబడిపోయాను. షాపుకి వచ్చినవాళ్ళంతా నేను కష్టపడి వేలాడదీసినవి వదిలేసి దాని గురించే అడుగుతున్నారు. నాకు అలాంటివి ఎనిమిది కావాలి. ఎనిమిదింట్లోనూ ఆ మెట్టుండాలి. మీరు చేతులు మాత్రం మార్చకండి. శనివారం వస్తాను, ఆ మెట్టు ఎవరి చేతిలోంచి వచ్చిందో ఆవిడతో ఒక చిన్న వీడియో కూడా తీసుకుంటాను."

ఫోను పెట్టేశాక అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సన్యాసమ్మకి సంతోషం కన్నా ముందు ఒళ్ళు మండింది. ఆరు రోజుల కిందట సామాన్లు చుట్టుకోడానికి పనికొచ్చేది ఇవాళ ఎనిమిది కావలసొచ్చిందా? కుట్టిన చేతులు అవే, చీర అదే. మారింది ఆవిడ షాపు తలుపు దగ్గర ఎండొక్కటే.

"సిన్నత్తకి ఫోన్ సేద్దామా?" అంది కీర్తి.

"ఒద్దు."

"మరి ఆ మెట్టెలాగొస్తాది? అది ఆవిడ సెయ్యి కదా?"

"ఒద్దన్నానా? ఎడం సేత్తో కుట్టడం నాకు రాదేటి!"

రాలేదు. మంగళవారం పొద్దున్న పాత చీరలు నాలుగు పొరలు పరిచి, మూలలకి ఇటుకలు పెట్టి, పొరలు జరక్కుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, సన్యాసమ్మ సూదిని ఎడమ చేతికి మార్చుకుని కూచుంది. సూది ఆమె మాట వినలేదు. నాలుగు పొరలు కుట్టబోతే రెండు పొరలే దొరికేవి. ఒక కుట్టు గోరంత, ఒక కుట్టు గింజంత. జానెడు కుట్టేసరికి బొటనవేలు రెండుసార్లు పొడుచుకుంది. దారం తెంపి, కుట్టంతా విప్పి పారేసి, వీధిలోకి పోయి నిలబడింది. ట్రాక్టర్లు కదలడం లేదు. లోపలికొచ్చింది. కూచుంది. మళ్ళీ లేచింది.

"అత్తా, నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతన్నాయి," అంది కీర్తి. "నేను కూచోనా అటు?"

"నీదీ కుడిసెయ్యే గదే. మెట్టెలాగ పడద్ది?"

"ట్రై చేద్దాం. పోయేదేముంది?"

కీర్తికి బొంత కుట్టడం కొత్త. భయం కొద్దీ జానెడుకోసారి ఆగి, అంచు నుంచి నాలుగు వేళ్ళు పెట్టి కొలుచుకుంటూ, నాలుక పంటి కింద పెట్టుకుని కుట్టింది. ఇటు సన్యాసమ్మ తన అలవాటు ప్రకారం కొలవనూ లేదు, చూడనూ లేదు. చెయ్యి దాని దారిన అది పోయింది. బుధవారం మధ్యాహ్నానికి నాలుగేసి వరసలు నడుమకి వచ్చాయి.

"అత్తా! వచ్చీసింది! సేమ్ అదే!" కీర్తి చప్పట్లు కొట్టింది.

నాలుగు వరసలూ నాలుగు ఖాళీల్లోకి పోయి ఆగాయి. అచ్చం పసుపు బొంతలో పడ్డ మెట్టే.

సన్యాసమ్మ చప్పట్లు కొట్టలేదు. కోడలి కుడి చేతి వంక చూసింది. ఆ చేతిలో సూది ఇంకా అలాగే ఉంది. తర్వాత వంగి, తన కొసన అంచు నుంచి మొదటి వరస దాకా వేళ్ళు పెట్టింది. నాలుగు. జానెడు ముందుకు జరిగి పెట్టింది. నాలుగున్నర. ఇంకో జానెడు. అయిదు. లేచి, గోడ పట్టుకుని కీర్తి వైపుకి పోయి అక్కడ పెట్టింది. నాలుగు, నాలుగు, నాలుగు.

వర్షాల్లో కుళాయి దగ్గర జారిపడ్డప్పటి నుంచీ ఆమె కుడి మోకాలు ముడుచుకోదు. కాలు పక్కకి చాపుకుని కుడుతుంది. కాలు చాపిన వైపుకి ఒళ్ళు తిరుగుతుంది, ఒళ్ళు తిరిగిన వైపుకి సూది పోతుంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఆమెకి తట్టలేదు. ఎందుకు తడుతుంది? ఎడమ చెయ్యి ఒకటి ఎదురుగా కూచుని ఉండగా తన చేతిని ఎవరు కొలుచుకుంటారు?

"మంచం కింద బొంత పట్రా," అంది.

దసరాకి ముందు, ఇంట్లోకని ఇద్దరూ కలిసి కుట్టిన బొంత అది. అప్పటికే మోకాలు పాడైంది. కానీ దాని నడుమ ఏ మెట్టూ లేదు, వరసలన్నీ శుభ్రంగా కలిశాయి. సన్యాసమ్మ దాన్ని గచ్చు మీద పరిచి మోకాలు లాగుతున్నా ముందుకి ఒరిగి వేళ్ళు పెట్టింది. తన వైపు నాలుగు, నాలుగున్నర, అయిదు. అవతలి వైపు నాలుగు, నాలుగు, నాలుగు. నడుమకి ఇంకా జానెడు దూరం ఉందనగా అవతలి వరసలు మెల్లగా పక్కకి తిరిగాయి. చూస్తే తెలియదు, వేళ్ళు పెడితేనే తెలుస్తుంది. తిరిగి తిరిగి వచ్చి సన్యాసమ్మ వరసల్ని కలుసుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, నలభైకి నలభై.

దేముడమ్మ తన వరసల్ని వంచుకుని వచ్చి కలిపింది. ఒక్క బొంతకి కాదు, వర్షాలు మొదలైన దగ్గర్నుంచి అన్నిటికీ. చెప్పకుండా. ఈ పసుపు బొంతకి మేడం అంచు వదలొద్దంది కాబట్టి వదల్లేదు, అంతే.

సన్యాసమ్మ గచ్చు మీద అలాగే ఉండిపోయింది. సిగ్గేసింది. ఈ వయసులో, సొంత ఇంట్లో, కోడలు చూస్తుండగా అంత సిగ్గేస్తుందని ఆమె అనుకోలేదు.

కీర్తి తెలివైన పిల్ల. వేళ్ళ లెక్క ఆమెకీ అర్థమైంది. గొంతు తగ్గించి అంది. "అయితే ఆ డిజైన్ నీదే కదత్తా. మనిద్దరం చాలు. శనివారం వీడియోలో నువ్వే కూచో. సిన్నత్తకి ఇదంతా సెప్పాలనేముంది? ఆవిడెలాగూ అలిగి ఎల్లిపోయింది."

తప్పు మాటేమీ కాదు. గురువారమంతా సన్యాసమ్మ ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎవరికీ తెలియదు. దేముడమ్మకి కూడా తెలియదేమో. తెలిస్తే ఆ రోజు వీధిలోనే అనేది కదా! ఏ మనిషైనా అంటుంది. అనలేదంటే తెలియదనే. సూదిలో దారం ఎక్కించింది, ముడిపడింది. తెంపి మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ ముడిపడింది. ఎదురుగా కీర్తి నాలుగేసి వేళ్ళు కొలుచుకుంటూ ముద్దుగా, తిన్నగా వస్తోంది. ఆ తిన్నదనం చూడలేక సన్యాసమ్మ సూదిని బొంతకి గుచ్చి లేచిపోయింది.

శుక్రవారం పొద్దున్న రావికమతం వెళ్ళే ఆటో ఎక్కింది. ముడుచుకోని కాలు ఎక్కడ పెట్టాలో తెలియక మనుషుల మధ్య చాపింది. "కాలు తియ్యమ్మా," అని ఒకరు, "పెద్దావిడ పోనీ," అని ఇంకొకరు. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంది. ఆటో దిగేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

కనకదుర్గ పొలానికి పోయింది. వంటింటి గుమ్మంలో దేముడమ్మ ఒక్కతే కూచుని పాత లంగా ముక్క మీద ఏదో కుడుతోంది. సన్యాసమ్మని చూసి లేవబోయింది.

"కూకో, కూకో," అంటూ సన్యాసమ్మ గుమ్మానికి అవతల పక్కన చతికిలబడింది. అప్పుడు చూసింది. సూది దేముడమ్మ కుడి చేతిలో ఉంది. ఆ చేతి చూపుడువేలికీ బొటనవేలికీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. పీలికల మీద రక్తపు చుక్కలు ఎండిపోయాయి.

"ఏటే ఇది?"

"నేర్సుకుంటన్నాను," అంది దేముడమ్మ. లంగా ముక్క ముందుకి చాపింది. "సూడప్పా. మొదట్లో వంకరొచ్చింది. ఇదిగో, ఈ రెండు వరసలూ తిన్నగానే వచ్చేయి. ఇంకో పది రోజులైతే బొంత మీదికి రావొచ్చు."

నిజంగానే ఆ రెండు వరసలూ తిన్నగా ఉన్నాయి. పొట్టి పొట్టి కుట్లు, బడిలో కొత్తగా వేసిన పిల్లలు అక్షరాలు దిద్దినట్టు.

సన్యాసమ్మ ఆ ముక్కని తిరిగి ఆమె ఒళ్ళో పెట్టింది. "నీ సెయ్యి కాదే," అంది. "వంకర నాది. మోకాలు జాపుకుని కూకుంటన్నాను గదా, వరస పక్కకి పోతన్నాది. యేళ్ళెట్టి కొలిసేను. నీ వైపు నాలుగంటే నాలుగే."

దేముడమ్మ సూదిని గుడ్డకి గుచ్చింది.

"నీకు తెల్సా?" అంది సన్యాసమ్మ.

"నడుమకి వచ్చేసరికి నీ వరస అటుండేది, నాది ఇటుండేది. నేను నీ దగ్గరకి వచ్చీసేదాన్ని."

"మరి సెప్పలేదేటే?"

"నా సెయ్యే తప్పనుకున్నాను. సిన్నప్పట్నుంచీ అందరూ అదే గదా అంటన్నారు. నువ్వూ అదే గదా అన్నావు."

ఆ మాటని ఆమె మామూలుగానే అంది. సన్యాసమ్మ చెయ్యి జాపి, పీలికలు చుట్టిన వేళ్ళని పట్టుకోబోయింది. దేముడమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈదిలో అన్నావప్పా," అంది. "అందరూ సూస్తండగా, కారులో వచ్చిన మనిసి ముందర. ఆ పరదేశి నవ్వేడు. ఇప్పుడేమో వంటింట్లో కూకుని, గిన్నెలు వింటంటే సెప్తన్నావు."

దానికి జవాబు ఒక్కటే, అది ఇక్కడ చెప్పేది కాదు. సన్యాసమ్మ గుమ్మం పట్టుకుని లేచింది. "ఆ మెట్టున్న బొంతలే కావాలని రేపు మేడమొస్తాది. రాగలిగితే రా," అంది. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ కాలు నొప్పి పెట్టింది, మనసు అంతకన్నా ఎక్కువ.

శనివారం మేడం మళ్ళీ వీధిలోనే పరిపించింది, వీడియోకి వెలుతురు కావాలని. మళ్ళీ చాప, చాప మీద దుప్పటి, దాని మీద కొత్త బొంతకని టాకాలు వేసిన నీలం చీర పొరలు. గుమ్మాలన్నీ మళ్ళీ నిండాయి. పరదేశి స్కూటర్ మీద కాలు వేసుకుని కూచున్నాడు. సన్యాసమ్మ పదే పదే రోడ్డు వైపు చూసింది. ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి.

మేడం ఫోను ఎత్తి పట్టుకుంది. "చెప్పండి సన్యాసమ్మగారూ. ఈ మెట్టు ఎలా వచ్చింది? ఎవరి ఐడియా?"

అప్పుడు కనిపించింది దేముడమ్మ. వీధి మొదట్లో, గోడ పక్కన, చేతిలో సూదుల డబ్బీతో. అక్కడే ఆగిపోయింది, దగ్గరకి రాలేదు.

సన్యాసమ్మ ఫోను వైపు చూడలేదు. వీధి వైపు తిరిగింది.

"ఐడియా కాదమ్మా, తప్పు," అంది, చివరి గుమ్మానికి కూడా వినబడేటట్టు. "నా కాలు ముడుసుకోదు. నా వరస వంకర పోతాది. మా దేముడమ్మ తిన్నగానే కుడతాది. ఇన్నాళ్ళూ నా వంకరకి అదే వచ్చి కలిపింది. ఆ రోజు నేను దాని ఎడం సెయ్యన్నాను. అబద్ధం. ఆ సెయ్యి తప్పు సెయ్యలేదు. పరదేశీ, ఇన్నావేటి? ఆ సెయ్యి తప్పు సెయ్యలేదు!"

పరదేశి స్కూటర్ మీంచి కాలు దించాడు.

మేడం నవ్వుతూ ఫోను కిందికి దించింది. "అయ్యో, ఇవన్నీ వీడియోలో ఎందుకండీ! మళ్ళీ తీద్దాం. చిన్నగా, 'మా ఇద్దరి చేతుల్లోంచి వచ్చింది' అని చెప్పండి చాలు."

మేడం చెప్పమన్నది కూడా చెప్పింది సన్యాసమ్మ. ఆ వీడియో ఏమైనా ఆమెకి పట్టలేదు. తర్వాత తూర్పు కొసన కూచోకుండా, సూదిలో దారం ఎక్కించి పట్టుకుని నిలబడింది.

"ఒలే దేముడమ్మా! దా. మొదటి కుట్టు నువ్వెయ్."

దేముడమ్మ కదల్లేదు. గుమ్మాల్లో ఆడవాళ్ళు గుసగుసలాడారు. అత్తగారి కాలం నుంచీ ఆ ఇంట్లో ఎడమ చేత్తో ఏ పనీ మొదలుపెట్టరని వీధిలో అందరికీ తెలుసు. కీర్తి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దేముడమ్మ చీర పక్కన కూచుని, పీలికలు చుట్టిన కుడి చేతిని చాపింది సూది కోసం.

"ఆ సెయ్యి కాదు," అంది సన్యాసమ్మ.

దేముడమ్మ తలెత్తి చూసింది. పమిట కింద నుంచి ఎడమ చేతిని బయటికి తీసింది. సూది అందుకుంది, అంచు నుంచి నాలుగు వేళ్ళు కొలిచి, కుట్టు వేసింది.

మేడం వెళ్ళిపోయాక ఎండ పెరిగిందని బొంతని లోపలికి మార్చుకున్నారు. సన్యాసమ్మ తూర్పున కాలు చాపుకుంది, దేముడమ్మ పడమటి వైపు. మధ్యాహ్నం దాకా దారం తెంపిన చప్పుడు, ట్రాక్టర్ హారన్లు. మొదటి వరసలు నడుమకి వచ్చాయి. ఇక మిగిలింది జానెడు. దేముడమ్మ చెయ్యి పక్కకి తిరగబోయి టక్కున ఆగింది.

"కలపొద్దన్నాది గదా మేడం," అంది. "సెయ్యి దానంతటది నీకాడికి వచ్చీస్తన్నాదప్పా. తిన్నగా పోవడం కష్టంగా ఉన్నాది."

సన్యాసమ్మ ఎదురుగా ఉన్న ఆ వరస వంక చూసింది, తన వరస వంక చూసింది. రెంటికీ మధ్య పక్కకి వేలెడు తేడా.

"ఈ ఒక్క వరసా కలిపెయ్," అంది.

"ఆవిడ లెక్కెట్టుకుంటే? ఇదేటి, ఒకటి తప్పిందంటే?"

"నాదే తప్పని సెప్తాను."

"ఈదిలోనా?"

"ఈదిలోనే."

దేముడమ్మ వంగి, సూదిని మెల్లగా అటు తిప్పింది. వరస వచ్చి సన్యాసమ్మ వరసని తాకింది. సన్యాసమ్మ తన దారం కొస వదిలింది, దేముడమ్మ తన కొసతో దాన్ని కలిపి, ఎడమ చేత్తో ముడి వేసింది.